కంచెర్ల గోపన్న

ఖమ్మము పట్టణము నానుకొని ఖానాపురము హవేలి యను ఊరు కలదు. ఒకప్పుడది వేరు గ్రామము. ఇప్పుడు నగరములో కలిసిపోయినది. దాని పేరులోని హవేలి యను మాట పాత రెవిన్యూ లెక్కలలోనిది. సుల్తానులును నవాబులును కొన్ని భూములను జాగీరుదార్లకు విడిచి, మరికొన్నింటిని తమ ఖజానా కొరకు తమ చేతిక్రిందనే యుంచుకొనెడివారు. అట్లు సర్కారు స్వంత అజమాయిషీలో నుండు భూములకు హవేలి యని పేరు. ఇచ్చటి నుండి దక్షిణముగా కొంతదూరము పోయినచో నేలకొండపల్లి వచ్చును. ఈశాన్యముగా కొత్తగూడెము, పాల్వంచల మీదుగా అడవుల నడుమ పోయినచో గోదావరి యొడ్డున భద్రాచలము వచ్చును. ఈ రెండు ఊళ్ళను కలిపిన యొక జీవితకథను మన మిప్పుడు చెప్పుకొందము. అది పన్నులు వసూలు చేసిన యొక యుద్యోగి కథ. సర్కారు లెక్క తప్పి చెరసాల పాలైనవాని కథ. ఆ యుద్యోగి పాటలు కట్టెను. ఒక్కడు కూర్చుండి పాడుకొనుటకు కాదు, ఊరంతయు కలిసి పాడుటకు కట్టెను.

ఈ సీమలో రామమందిరము లేని పల్లె యరుదు. శ్రీరామనవమి పందిళ్ళలోను, ధనుర్మాసపు వేకువలందును, శనివారపు రాత్రులందును అచ్చట భజన జరుగుట మీలో చాలమంది చూచియే యుందురు. నడుమ దీపపు సెమ్మె వెలుగుచుండును. జనము చుట్టును కూర్చుందురు. ఉత్సాహము పెరిగినప్పుడు లేచి దీపము చుట్టు తిరుగుదురు. ఒకని యొద్ద మద్దెల, మరియొకని చేతిలో చిడతలు, పలువురి చేతులలో తాళములు. మేళమునకు పెద్దయైనవాడు మొదట పల్లవి నెత్తుకొనును. తక్కినవారు దానినే తిరిగి పాడుదురు. తరువాత పెద్ద చరణమును పాడును. చరణము ముగియగనే అందరును పల్లవిని పట్టుకొందురు. మరల చరణము, మరల పల్లవి. ఇట్లు పాట గిలకవలె తిరుగుచుండును.

పాశ్చాత్య దేశములలో ఒక విధమగు చుట్టుపాట కలదు. ఒక జట్టు మొదటి పాదము పాడి రెండవదానికి పోగానే, రెండవ జట్టు మొదటి పాదము నెత్తుకొనును. మూడవ జట్టు దాని వెనుక వచ్చును. పలుపాదము లొకేసారి వినబడుచు శ్రుతిలో కలిసిపోవును. మన భజనలో అట్టి యల్లిక లేదు. ఇక్కడ అందరి గొంతులును ఒకే పాదముమీదికి వచ్చి చేరును. అయినను రెండింటి మర్మము నొక్కటియే. చదువు రానివాడును, సంగీతము నేర్వనివాడును, నిన్ననే వచ్చి కూర్చున్నవాడును కొలది నిమిషములలో మేళములో నొకడు కావలెను. అట్లు కావలెనన్న, పాట కట్టువాడే ముందుగా నాలోచింపవలెను. గోపన్న అట్లు ఆలోచించి కట్టినవాడు. లోక మాతనిని రామదాసని పిలిచినది.

గోపన్న 17వ శతాబ్దమున నేలకొండపల్లిలో జన్మించెను. ఆ ఊరు చాల ప్రాచీనమైనది. పాండవు లజ్ఞాతవాసము చేసిన విరాటనగర మిదియేయని జనులు చెప్పుకొందురు. ఊరి వెలుపల బౌద్ధస్తూపపు శిథిలములు బయటపడినవి. గోపన్న తండ్రి లింగన్న, తల్లి కామాంబ. తండ్రి పేరును, కంచెర్ల వంశమును, అత్రిగోత్రమును గోపన్న తన శతకములో తానే చెప్పుకొనెను. వారు నియోగి బ్రాహ్మణులు. కరణీకము, లెక్కలు, దస్తరములు ఆ కుటుంబముల వారికి అలవాటైన విద్యలు. ఈ సంగతిని జ్ఞాపక ముంచుకొనుడు. ముందు దీనితో పని కలదు.

రఘునాథ భట్టాచార్యులను వైష్ణవగురువు గోపన్నకు మంత్రోపదేశము చేసెనని సంప్రదాయము. కబీరుదాసను మహమ్మదీయ సాధువు ఆతనికి తారకమంత్రము నుపదేశించెనని మరియొక కథ కూడ కలదు. ఉత్తరదేశమున ప్రసిద్ధుడైన కబీరు అంతకు సుమారు రెండువందల యేండ్ల ముందువాడు. కావున ఆ కథలోని కబీరు వేరొకడై యుండవలెను, లేదా జనులు ప్రేమచేత ఇద్దరు భక్తులను ఒక్కచోట కూర్చియుండవలెను. కథ కల్పితమే యైనను, ఆ కాలపు పల్లెలలో హిందువునకు మహమ్మదీయ సాధువు గురువగుట వింతగా తోచలేదని దాని వలన తెలియుచున్నది.

1672లో అబుల్ హసన్ కుతుబ్ షా గోల్కొండ సింహాసన మెక్కెను. ఆయననే ప్రజలు తానీషా యనిరి. ఆయన కొలువులో అక్కన్న, మాదన్న యను సోదరులు గొప్ప యధికారమును వహించిరి. మాదన్న ప్రధానమంత్రి యయ్యెను. వీరు గోపన్నకు మేనమామలు. వారి పలుకుబడిచే గోపన్నకు పాల్వంచ పరగణా తహసీలుదారు పని దొరకెను. తహసీలుదారనగా నేటి కార్యాలయములో కూర్చుండి కాగితములమీద సంతకములు చేయు నధికారి మాత్రమే కాడు. రైతుల యొద్ద శిస్తు రాబట్టి, ఖర్చులు పోను మిగిలిన సొమ్మును గోల్కొండ ఖజానాకు చేర్చుట ఆతని బాధ్యత. సొమ్ము చేరకున్న ఆతడే జవాబుదారి.

ఆ పరగణాలోనిదే భద్రాచలము. గోదావరి యొడ్డున చిన్నగుట్ట. చుట్టును దట్టమైన యడవి. అడవిలో కోయవారి పల్లెలు. గుట్టమీద పోకల దమ్మక్క యను భక్తురాలు పుట్టలో సీతారామలక్ష్మణుల విగ్రహములను కనుగొని, తాటాకు పందిరి వేసి, తాటిపండ్లు నైవేద్యముగా పెట్టి కొలుచుచుండెనని స్థలపురాణము. అచ్చటి రాముని విగ్రహమునకు నాలుగు చేతులు. సీతమ్మ ఆయన ఎడమతొడపై కూర్చుండియుండును. అన్ని ఆలయములందును రెండు చేతులతో విల్లు పట్టి నిలుచుండు రాముని చూచినవారికి ఈ మూర్తి వింతగానే యుండును. గోపన్న వసూళ్ళకై తిరుగుచు ఈ మూర్తిని చూచెను. ఎండకు వానకు నిలువని పందిరిని చూచెను. అప్పటినుండి ఆతని మనస్సు ఖజానాపై నిలువలేదు.

గుడి కట్టుటకు సొమ్ము కావలెను. మొదట చందాలు పోగుచేసెను. అవి చాలలేదు. చేతిలో సర్కారు శిస్తు కలదు. పంట చేతికి వచ్చిన పిమ్మట తామే పూడ్చుదుమని ప్రజలు మాట యిచ్చినట్లు కొందరు చెప్పుదురు. ఏమైనను, ఖజానాకు చేరవలసిన సొమ్ము గోపురమై, ప్రాకారమై, మండపమై నిలిచెను. ఆ మొత్తము 6 లక్షల వరహాలని చెప్పుట వాడుక. దేవునికి నగలును చేయించెను. సీతమ్మకు చింతాకు పతకము, రామునికి కలికితురాయి, లక్ష్మణునకు ముత్యాల పతకము, భరతునకు పచ్చల పతకము, శత్రుఘ్నునకు బంగారు మొలత్రాడు.

గుడి యున్నంత మాత్రమున ఉత్సవము కాదు. జనము రావలెను, వచ్చినవారికి చేయుటకు పని యుండవలెను. వేదము చదువుట అర్చకుల పని. నాట్యము, సన్నాయి వేరువారి పని. గోదావరి దాటి, అడవి దారిని నడిచి వచ్చిన రైతును, కోయవానిని, కూలివానిని దేవుని యెదుట ఊరక నిలుచుండజేయుట గోపన్నకు నచ్చలేదు కాబోలు. భద్రాద్రిని వ్రేలు చూపి చెప్పునట్టి పాటలు, నదిని, గోపురమును, ఊరేగింపును కన్నులకు కట్టించు పాటలు, రామనామమును మరల మరల పలికించు పాటలు ఆతని నోట వెలువడినవి.

ఈ కీర్తనలను విప్పిచూచిన ఆతని పనితనము తెలియును. పల్లవి పొట్టిది, రెండుమారులు విన్న నోటికి వచ్చును. చరణములు మాత్రము పెక్కు. ఆరు, ఎనిమిది చరణములు గల పాటలును కలవు. కాని చరణము లన్నింటికిని వరుస యొక్కటియే. కావున మేళపు పెద్ద ఒక వరుస నేర్చిన చాలును. తక్కినవారు పల్లవి నేర్చిన చాలును. పాదాది ప్రాస పడుచుండుటచే చరణములోని తరువాతి మాట తనంతట తానే జ్ఞాపకమునకు వచ్చును. తాళములు ఆది, చాపు మొదలగునవి, చప్పటలతో వేయదగినవి. ఎన్నుకొన్న రాగములలో ఆనందభైరవి, నాదనామక్రియ, యదుకుల కాంభోజి వంటివి చాలగలవు. ఇవి పల్లెపదములలోను, జోలపాటలలోను జనుల చెవులకు ముందే పరిచితములైన ఫణితులు. క్రొత్తపాట విన్నను పాతచుట్టమును చూచినట్లే యుండును. కష్టమైన సంగతులు లేవు. గొంతు తిరుగనివాడు సిగ్గుపడ నక్కరలేదు.

గోపన్నకు పాండిత్యము లేక ఇట్లు వ్రాసెనని యనుకొనరాదు. దాశరథి శతకమును రచించినవాడును ఆతడే. ఆ శతకమున ఉత్పలమాలలు, చంపకమాలలు సమాసముల బరువుతో గంభీరముగా నడచును. దానిని మీ పెద్దలు కంఠస్థము చేసియుందురు. అర్థము చెప్పుటకు వారికిని గురువు కావలసి వచ్చియుండును. అదే కవి కీర్తనలకు దిగినప్పుడు ఇంటిలో మాటలాడు తెలుగును పట్టుకొనెను. చేయించితిని అనుటకు బదులు వాడుకలో నెట్లందుమో అట్లే వ్రాసెను. పండితుడు సులభముగా వ్రాయుట, కష్టముగా వ్రాయుటకంటె కష్టము. కావలెనన్న మీలో నొకరు పదిమంది కలిసి పాడదగిన నాలుగు పాదములు కట్టి చూడుడు. మొదటి పాదములోనే ఎవరికి ఊపిరి చాలలేదో, ఎవరికి మాట తిరుగలేదో తెలిసిపోవును.

ఇంతలో గోల్కొండ నుండి తాఖీదులు వచ్చినవి. శిస్తు చేరలేదు. లెక్క అడిగిరి. గుడిని చూపుట తప్ప లెక్క చూపుటకు గోపన్న యొద్ద ఏమియు లేదు. ఆతనిని పట్టి గోల్కొండకు తెచ్చి కోటలో బంధించిరి.

ఇచ్చట మనము తొందరపడి తానీషాను క్రూరుడని యనరాదు. ఆయన హిందువులను మంత్రులుగా నుంచుకొన్న ప్రభువు. ఖజానా సొమ్ము ఒక్క ప్రభువుదే కాదు. సైన్యమునకు జీతము, చెరువులకు మరమ్మతు, అన్నియు దానినుండియే జరుగవలెను. తహసీలుదారు ఎంతటి సత్కార్యము కొరకైనను సొంత యిష్టముతో దానిని వెచ్చింపవచ్చునా? మేనల్లుడు కదా యని మాదన్న ఊరకుండిన లోకమేమనును? మేనమామల యధికారము గోపన్నకు ఉద్యోగ మిప్పించెను గాని, చెరసాల తప్పింపలేకపోయెను. ఈ చిక్కు గోపన్నకును తెలియును. తెలియనిచో ఆతని పాటలలో అంత బాధ యుండదు.

చెరసాలలో ఆతని దెబ్బలు కొట్టిరనియు, సంకెలలు వేసిరనియు కీర్తనల వలననే తెలియుచున్నది. నేడును గోల్కొండ కోటకు పోయినవారికి రామదాసు బందిఖానాను చూపుదురు. చీకటిగది, గోడమీద సీతారామలక్ష్మణులు, హనుమంతుడు మలచబడియున్నారు. ఆ బొమ్మలను గోపన్నయే చెక్కెనని చెప్పుదురు.

బందిఖానా పాటలలో మూడువిధముల స్వరములు వినబడును. మొదటిది మొర. ఇంత పిలిచినను పలుకవేల యని రాముని ప్రాధేయపడుట. రెండవది సిఫారసు. రాముడు వినకున్న సీతమ్మను పట్టుకొనుట. ఏకాంతవేళ తన మాట ఆయన చెవిని వేయుమని ఇల్లాలి నడుగుట. సర్కారు కచ్చేరీలలో పని యెట్లు జరుగునో ఎరిగిన యుద్యోగికి ఈ ఉపాయము తోచుటలో వింత యేమున్నది? మూడవది కోపము. ఇది అన్నింటికంటె ప్రసిద్ధము.

ఆ కోపపు పాటలో గోపన్న కరణపు చదువు బయటపడును. ఒక్కొక్క నగను పేరుపేరునను లెక్కించి, దాని కింత పట్టినది, దీని కింత పట్టినదని వరుసగా పద్దు వ్రాసినట్లు చెప్పును. గోల్కొండ దస్తరములో చెప్పవలసిన లెక్కను రాముని యెదుట చదివెను. ఎవరి సొమ్మని ఇంత కులుకుచున్నావని నిలదీసెను. నీ తండ్రి పంపెనా, నీ మామ పెట్టెనా యని యెత్తిపొడిచెను. తరువాతి చరణమునకు వచ్చునప్పటికి కోపము కరగెను. దెబ్బల బాధకు తాళలేక తిట్టితిని, మన్నింపుమని వేడుకొనెను. ఒకే పాటలో నింద, క్షమాపణ రెండును కలవు. ఈ రెంటిలో నేదియు దాచకుండుటయే ఆ పాటకు ప్రాణము.

ఇంకొక విచిత్రము గమనింపుడు. చీకటిగదిలో ఒంటరిగా నున్నవాడు పాటకు పల్లవి నేల పెట్టవలెను? తిరిగి పాడుటకు అచ్చట మేళము లేదు. తాళము వేయు చేతులు లేవు. అయినను ప్రతి కీర్తనయు గుంపు వచ్చి పల్లవి నందుకొనుటకు చోటు విడిచియే యుండెను. దుఃఖము ఒక్కనిది, దాని కట్టుబడి మాత్రము పదుగురిది. అందుచేతనే, ఏనాడును చెరసాల ముఖము చూడని రైతు, అప్పులవాని చేతిలో నలిగినవాడు, బిడ్డ జబ్బుతో నున్న తల్లి, ఆ పాటను తమ సొంతమొరగా పాడుకొనగలిగిరి.

పండ్రెండేండ్లు చెరలో నుండెనని కథ. అర్ధరాత్రి రామలక్ష్మణులు రామోజీ, లక్ష్మోజీ యను బంట్ల వేషమున తానీషా పడకటింటికి వచ్చి, 6 లక్షలు చెల్లించి, రసీదు పుచ్చుకొని, దానిని గోపన్న తలక్రింద నుంచి మాయమైరనియు, తెల్లవారిన పిమ్మట తానీషా సంగతి గ్రహించి గోపన్నను విడిపించి సత్కరించెననియు చెప్పుదురు. దేవుడును రసీదు పుచ్చుకొనక పోలేదన్న ముచ్చట ఈ కథలో నాకు మిక్కిలి ప్రియమైనది. దీనిని మొదట కల్పించినవాడు తప్పక కచ్చేరీ యనుభవము గలవాడు. ఇక సంవత్సరముల లెక్క. తానీషా 1672 నుండి 1687 వరకు, అనగా 15 ఏండ్లు రాజ్యము చేసెను. గోపన్న ఉద్యోగము, గుడి కట్టడము, చెర, విడుదల అన్నియు ఆ 15 ఏండ్లలోనే ఇముడవలెను. కాబట్టి పండ్రెండు అను సంఖ్య అక్షరాల నిజమని పట్టుబట్టుట కష్టము. చెరలో చాలకాలము గడపెననుట మాత్రము నిశ్చయము.

విడుదలయైన పిమ్మట గోపన్న ఉద్యోగమునకు మరల పోలేదనియు, భద్రాచలమున రాముని సేవలో శేషజీవితమును గడపెననియు చెప్పుదురు. గోల్కొండ సంగతి వేరుగా జరిగెను. అక్కన్న మాదన్నలను వీధిలో చంపిరి. 1687లో ఔరంగజేబు కోటను పట్టుకొనెను. తానీషాను దౌలతాబాదు కోటకు పంపి బంధించెను. గోపన్నను చెరలో నుంచిన ప్రభువు తాను చెరలోనే చనిపోయెను. తానీషా కాలమున మొదలయ్యెనని చెప్పెడి యాచారము మాత్రము ఆగలేదు. భద్రాచలమున శ్రీరామనవమినాడు జరుగు సీతారామ కల్యాణమునకు ప్రభుత్వము తరపున ముత్యాల తలంబ్రాలు వచ్చును. నైజాము ప్రభువుల తరువాత ప్రజాప్రభుత్వములును దీనిని పాటించుచున్నవి.

గోపన్న పాటలు మనదాక ఎట్లు వచ్చినవి? తాళ్ళపాక అన్నమాచార్యుని సంకీర్తనలను ఆయన వంశీయులు వేలకొలది రాగిరేకులమీద చెక్కించి తిరుమల కొండపై భద్రపరచిరి. అవి శతాబ్దములు చీకటిగదిలో నుండి 20వ శతాబ్దమున వెలుగు చూచినవి. అక్షరములు చెడలేదు, రేకులమీద రాగముల పేర్లును కలవు. అయినను ఆయన పాడిన వరుసలు చాలవరకు పోయినవి. గోపన్నకు రాగిరేకులు చెక్కించు సంపన్నులు లేరు. ఆతని పాటలకు భజనమేళములే రాగిరేకులు. తండ్రి పాడగా కొడుకు పల్లవి నందుకొనెను. వాడే పెద్దయై చరణము పాడెను. ఇట్లు నూటికి పైగా కీర్తనలు నిలిచినవి. కాని నోటినుండి నోటికి పోవుటచే ఒక ఊరి వరుస వేరొక ఊరి వరుసకు సరిపోదు. ఒకచోట నున్న చరణము మరియొకచోట లేదు. రాగము సైతము మారును. ఒక విధానమున మాట నిలిచి వరుస పోయినది. రెండవ విధానమున పాట నిలిచి, పాడినవారి గుర్తులన్నియు దానిమీద పడినవి. రెండింటిలో నేది మేలో చెప్పుట నాకు సులభముగా లేదు.

ఈ నోటి చదువునకు కాలక్రమమున ఉపాధ్యాయులును దొరకిరి. 19వ శతాబ్ది తొలిభాగమున గుంటూరువాడైన తూము నరసింహదాసు దేశమంతయు పాడుచు తిరిగి, తిరువయ్యారులో త్యాగరాజస్వామిని దర్శించి, కంచికి చెందిన వరద రామదాసుతో కలిసి భద్రాచలము చేరెను. అప్పటికి ఆలయసేవలు కుంటుపడియుండెను. వారిరువురును వానిని చక్కబెట్టిరి. మేలుకొలుపు మొదలు పవ్వళింపు వరకు దినములో ఏ సేవకు ఏ పాట, ఏ పండుగకు ఏ పాట యని నరసింహదాసు ఏర్పాటు చేసి, లేనిచోట తానే కీర్తనలు కట్టి మేళములచే పాడించెను. గోపన్న విత్తనము చల్లిన చేనికి ఆయన గట్లు వేసెను. గోపన్న పేరు ప్రతి పిల్లవానికిని తెలియును. నరసింహదాసు పేరు పెద్దలలోను కొందరికే తెలియును. పాట నేర్పినవారికి తరచుగా జరుగునది ఇదియే.

త్యాగరాజస్వామికి గోపన్నయన్న మిక్కిలి గౌరవము. తన కృతులలో రామదాసు చెరను తలచుకొనెను. పండితులకు గొప్ప కృతులు రచించిన ఆ మహానుభావుడే భజనకు వీలుగా దివ్యనామ కీర్తనలను రచించెను. వానియందును పల్లవి, ఒకే వరుసలో పెక్కు చరణములు. తమిళదేశపు భజనసంప్రదాయమున జయదేవుని అష్టపదులతోను, నారాయణతీర్థుల తరంగములతోను పాటు రామదాసు కీర్తనలను నేటికిని పాడుదురు. తెలుగు మాటలాడనివారు సైతము వానిని తెలుగులోనే పాడుదురు.

నేలయొక్క ఎల్లలు పలుమారులు మారినవి. 1860లో భద్రాచలప్రాంతము నైజాము నుండి ఆంగ్లేయుల పాలనలోనికి పోయెను. నేలకొండపల్లి నైజామునందే యుండెను. గోపన్న పుట్టిన ఊరొక ప్రభుత్వములో, కట్టిన గుడి మరియొక ప్రభుత్వములో! 1959లో భద్రాచలమును ఖమ్మము జిల్లాలో చేర్చిరి. 2016 నుండి అది భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలో నున్నది. ఆ కాలమంతయు గోదావరి దాటి భజనమేళములు వచ్చుచు పోవుచునే యుండెను.

20వ శతాబ్దమున గ్రామఫోనును, రేడియోయును వచ్చినవి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ రామదాసు కీర్తనలను కచేరీలలో పాడియు, రికార్డుల కిచ్చియు ఇంటింట వినిపించెను. ఆయన పాడిన వరుసలే అసలు వరుసలని నేడు చాలమంది తలంతురు. పల్లెమేళములలోని ముసలివారు దీని కొప్పుకొనరు. తమ తాతల వరుస వేరని, తాళము ఇంకను చురుకుగా నుండెనని వాదింతురు. భద్రాచలమున ఏటేట జరుగు వాగ్గేయకార ఉత్సవములలో విద్వాంసులు వరుసగా కూర్చుండి రామదాసు నవరత్న కీర్తనలను గోష్ఠిగా పాడుదురు. నేలకొండపల్లిలో ఆతని యింటి స్థలమున ధ్యానమందిరము కలదు.

గోపన్న తన పద్దులో లెక్క చెప్పిన చింతాకు పతకము, కలికితురాయి, పచ్చల పతకము భద్రాచలము కోవెలలో నున్నవి. విశేషదినములలో వానిని దేవునికి అలంకరింతురు. ఆనాడు గుట్టక్రింది మండపములో ఏ ఊరి మేళమైనను ఆ కోపపు పాట నెత్తుకొనినచో, పాటలోని నగయు, మూర్తిమీది నగయు ఒక్కటియేయని పిల్లలు మెడలు చాచి చూతురు. మేళపు పెద్ద తరువాతి చరణమునకు పోవునప్పటికి వారును పల్లవిలో కలిసియుందురు.